ఆవిడ ఊ అన్నాక

ఆ ఎండాకాలం మొదట్లో నా చేతిలో ఏమేం ఉన్నాయో ముందు చెప్పేస్తాను. రెండు వీధులు కలిసే మూల మీద ఒక పరుపుల కొట్టు. దాని వెనకే ఆనుకుని ఇల్లు. ఎన్నేళ్ళు బరువులు మోసినా ఒక్కసారీ మొరాయించని నడుం. పిల్లలు లేరు కాబట్టి ఒకరికొకరం అనుకుంటూ నెట్టుకొచ్చిన కాపురం. కాళ్ళల్లోంచి బలం మెల్లమెల్లగా జారిపోతున్న భార్య.

"ఇది నరాల జబ్బు. వెనక్కి తిరగదు. ఎంత నెమ్మదిగా ముందుకి పోతే అంత మేలు" అన్నాడు డాక్టరు. సరుకు ఎలాంటిదో నాన్చకుండా చెప్పేవాడంటే నాకు మొదట్నుంచీ గౌరవం. ఇద్దరం ఆయనకి దణ్ణం పెట్టి ఇంటికొచ్చేశాం. దారిలో మా ఆవిడ, "ఆయన చొక్కాకి పై గుండీ ఊడిపోయింది, చూశారా?" అంది. నేను చూడలేదు.

మొదటిసారి పడింది స్నానాల గది గడప దగ్గర. నేను కొట్టు షట్టరు ఎత్తుతుంటే లోపల బకెట్టు దొర్లిన చప్పుడైంది. పరుగెత్తాను. పక్కకి ఒరిగిపోయి ఉంది. ఒక చెయ్యి ఒంటి కింద ఇరుక్కుంది. దెబ్బ పెద్దగా తగల్లేదు.

"కంగారు పడకండి. ముందా తువ్వాలు ఇటివ్వండి" అంది.

ఇచ్చాను. తర్వాత చంకల కింద చేతులు పెట్టి లేపబోయాను. చుట్టిన పరుపుని ఎత్తి గోడకి నిలబెట్టడం నాకు నిద్రలో కూడా వచ్చిన పని. ఆ ధీమాతోనే పట్టాను. భుజాలు మాత్రం పైకొచ్చాయి, మనిషి కిందే ఉండిపోయింది. ఇంకోసారి పట్టాను. తడి ఒళ్ళు, జారిపోయింది. మూడోసారికి నా కాలే జారి ఆమె మీద పడబోయి గోడ పట్టుకున్నాను. నా మొహం కేసి చూడకుండా బకెట్టు కేసి చూస్తూ ఉంది.

ఇక చేసేది లేక వీధిలోకి వెళ్ళాను. మా పక్కనే కలప డిపో. లారీల్లోంచి దుంగలు దించే ఇద్దరు మనుషులు అక్కడ టీ తాగుతున్నారు. పిలవగానే వచ్చారు. మంచివాళ్ళే. ఒకడు తల పక్కకి తిప్పుకుని పట్టుకున్నాడు. రెండోవాడు "అమ్మా, భయపడకండి, మాకిది లెక్క కాదు" అన్నాడు. నిజంగానే వాళ్ళకి లెక్క కాదు. ఒక్క ఊపులో లేపి మంచం మీద కూర్చోబెట్టారు. తువ్వాలు గడప దగ్గరే ఉండిపోయింది.

ఆ రోజు సాయంత్రం దీపం వేయబోతే వద్దంది.

"ఏమండీ."

"చెప్పు."

"ఇంకోసారి పడితే మళ్ళీ వాళ్ళని పిలవకండి."

"మరి?"

"మీకు చేతనైనప్పుడు లేపండి. అప్పటిదాకా అలాగే ఉంటాను. బయటి చేతులు మాత్రం వద్దు."

నేను సరేనన్నాను. వ్యాపారంలో నోటిమాటకి విలువుంది కాబట్టి నేను చెయ్యలేని పనికి ఎప్పుడూ ఒప్పుకోను. ఆ సాయంత్రం ఒప్పుకున్నాను.

పరుపులవాడికి వచ్చే ఆలోచన పరుపుల్లోనే ఉంటుంది. మర్నాడు కొట్టులో ఉన్న పల్చటి దూది పరుపులన్నీ లోపలికి చేరేసి, ముందు గదిలో, పడకగదిలో, వంటింటి దాకా గోడ నుంచి గోడకి పరిచేశాను. ఎక్కడ పడ్డా మెత్తగా పడాలని. ఎక్కడా సందు లేకుండా అంచుకి అంచు కలిపాను. చూసుకుంటే నాకే ముచ్చటేసింది.

మా కొట్టులో దిండు గలీబులు కుట్టే ఆవిడ చాలాకాలంగా మా మనిషే. ఈనెపుల్లలా సన్నగా ఉంటుంది, నోరు మాత్రం పెద్దది. లోపలికి తొంగిచూసి, "అన్నయ్యా, ఇంట్లో దొర్లుడు పందేలేమైనా పెడుతున్నావా?" అంది.

మా ఆవిడ మంచం మీంచే, "నవ్వకు వదినా, ఇంకా గోడలకి కూడా వేద్దామనుకుంటున్నారు" అంది.

అప్పటికి వాకర్ పట్టుకుని తిరుగుతూనే ఉంది ఆమె. పరుపులు పరిచాక తిరగడం తగ్గించేసింది. వాకర్ కాళ్ళు దిగబడుతున్నాయని నాతో చెప్పింది కూడా. "అలవాటవుతుందిలే" అన్నాను. ఆ వారంలోనే పరుపు అంచులో కాలు మడతపడి మళ్ళీ పడింది. మెత్తగానే పడింది. కానీ పడ్డ మనిషిని లేపడం గట్టి నేల మీద కంటే పరుపు మీదే కష్టమని అప్పుడు తెలిసింది. నా కాళ్ళకీ ఆనిక లేదు. నేనూ, గలీబులావిడా కలిసి లాగాం, తోశాం, కుర్చీ తెచ్చాం, దుప్పటి కింద వేసి ఎత్తాం. ఎట్టకేలకి మంచం చేర్చేసరికి గలీబులావిడ ఆయాసపడుతూ మూల కూలబడింది. మా ఆవిడ చీర సర్దుకుంటూ, "మీరిద్దరూ కాస్త మంచినీళ్ళు తాగండి" అంది.

నేను ఒక మాట ఇచ్చి ఉన్నాను. ఇవ్వాల్సిన సరుకు మాత్రం నా దగ్గర లేదు.

మా కొట్టుకి ఎదురుగా పాత ప్రెస్సు షెడ్డు ఒకటుంది. అచ్చు యంత్రాలు ఎత్తుకెళ్ళిపోయాక చాలాకాలం తాళం వేసి ఉండేది. పోటీల్లో బరువులెత్తిన ఒక అమ్మాయి, మోకాలు దెబ్బతిని ఆట మానేశాక, అది తీసుకుని క్లాసులు మొదలుపెట్టింది. పొద్దున్నే ఇనుము నేల మీద పడ్డ చప్పుడు మా ఇంట్లోకి వినబడేది. నేల మీద వేసే ఫోము షీట్లు నా దగ్గరే కొంది. బేరంలో నన్ను మూడు చెరువుల నీళ్ళు తాగించింది. అప్పట్నుంచీ ఆ పిల్లంటే నాకు గురి.

వెళ్ళి అడిగాను. "అమ్మాయ్, నేల మీదున్న మనిషిని లేపాలంటే నాకెంత కాలం పడుతుంది?"

"ఎవర్ని బాబాయ్?"

"ఎవరైతేనేం, మనిషిని."

ఆమె చేతిలో ఉన్న తుడుపుగుడ్డ పక్కన పెట్టింది. "పిన్నిగారినా?"

నేను వంగి ఫోము షీటు అంచు చూశాను. బానే ఉంది, ఎక్కడా ఊడలేదు.

"రేపు పొద్దున రండి. ఖాళీ కడుపుతో రాకండి, కడుపు నిండానూ తినకండి. ఆ పంచె మాత్రం వద్దు" అంది.

మర్నాడు, ఎప్పుడో కొని తొడగని ప్యాంటు ఒకటి వేసుకుని వెళ్ళాను. నాకు భయమేం లేదు. జీవితమంతా మోసినవాణ్ణి. లోపల ఏడెనిమిది మంది ఉన్నారు. నాకు గుర్తుండిపోయింది ఇద్దరు. ఒకడు బస్సు కండక్టరు, అందరూ టిక్కెట్టు అని పిలుస్తారు. రెండోది బళ్ళో లెక్కలు చెప్పే టీచరమ్మ. గోడకి పెద్ద గడియారం. అది కుయ్యిమంటే మొదలుపెట్టాలి, మళ్ళీ కుయ్యిమంటే ఆపాలి. మధ్యలో ఇచ్చే విరామం, ఇక్కడికెందుకొచ్చానురా దేవుడా అనుకోవడానికి చాలుతుంది, అంతే.

పిడి ఉన్న ఇనప గుండ్లు వరసగా పెట్టి ఉన్నాయి. నేను వెళ్ళి అన్నిట్లోకీ పెద్దది పట్టుకున్నాను. ఆ అమ్మాయి, అక్కడందరికీ కోచ్, వచ్చి అది తీసి పక్కన పెట్టి, కొసన ఉన్న చిన్నది చేతికిచ్చింది.

"ఇదేంటమ్మా, కాయితాలు ఎగరకుండా పెట్టుకునేదానిలా ఉంది. పరుపులు మోసిన చెయ్యి ఇది."

"చేతితో కాదు బాబాయ్ మనకి పని. తొడలతో. గుండెకి హత్తుకుని కూర్చోండి, లేవండి. నడుం వంచకండి."

గడియారం కూసింది. కూర్చున్నాను, లేచాను. బానే ఉంది. టిక్కెట్టు నా కేసి చూసి కన్ను గీటాడు. మళ్ళీ కూర్చున్నాను. లేస్తుంటే తొడల్లో ఏదో మంట మొదలైంది. మళ్ళీ కూత. ఆ వెంటనే రెండు చేతుల్లో రెండు గుండ్లు పట్టుకుని షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి నడవాలి. ఆ వెంటనే నేల మీదున్న ఇనప కడ్డీని ఎత్తాలి, దించాలి. ఆ వెంటనే మళ్ళీ మొదటిదే. రెండో చుట్టు వచ్చేసరికి నా చేతిలో గుండు అదే, దాని బరువు మాత్రం అది కాదు. ఏ సరుకునైనా చేత్తో తూచి చెప్పగలనని పేరున్నవాణ్ణి. ఆ చిన్న గుండు దగ్గర నా అంచనా తప్పింది.

"అమ్మాయ్, ఈ చుట్టు వదిలెయ్. రేపు ఒకటి ఎక్కువ చేస్తాను."

"నన్నడిగితే లాభం లేదు బాబాయ్. ఆ గోడ గడియారంతో మాట్లాడుకోండి. అది బేరాలాడదు."

"రైట్ రైట్!" అని అరిచాడు టిక్కెట్టు, చెమటలు కక్కుతూనే. "ఫుట్‌బోర్డు మీద నిలబడకూడదు సార్, లోపలికి జరగాలి!"

కడ్డీ దగ్గర నేను చేసింది పరుపులవాడి పనే. వీపు గుండ్రంగా వంచి, బరువుని వీపు మీదకి తెచ్చుకోవాలని చూశాను. ఇన్నేళ్ళూ అలాగే మోశాను. కోచ్ వచ్చి నా నడుం మీద అరచెయ్యి ఆనించింది. "ఇది ఇన్నాళ్ళూ విరక్కుండా ఎలా ఉందో నాకు అర్థం కావట్లేదు" అంది. మెచ్చుకుందో తిట్టిందో తెలియలేదు. కాళ్ళు ఎడంగా పెట్టించింది. మోకాళ్ళు వంచమంది. ఛాతీ ఎత్తమంది. నేలని కాళ్ళతో కిందకి తొయ్యమంది. తోశాను. కడ్డీ లేచింది. ఆ ఒక్కసారి లేచింది.

తర్వాత నాకు షెడ్డు పైకప్పు బూడిదరంగై గిర్రున తిరుగుతున్నట్టు కనిపించింది. గోడకి ఆనుకుని జారి కూర్చున్నాను. పొద్దున తిన్నది కాలవ దగ్గర వదిలేసి వచ్చాను. అందరూ ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు, ఎవరూ నవ్వలేదు. టీచరమ్మ నీళ్ళసీసా తెచ్చి నా మెడ మీద పోసింది.

"మొదటిరోజు నేను ఏడ్చానండీ" అంది.

"అంత కష్టమనిపించిందా?"

"కష్టం కాదు. మా నాన్న పోయినప్పుడు రాలేదు ఏడుపు. అందరికీ కాఫీలు అందిస్తూ తిరిగాను. ఇక్కడ కడ్డీ కింద పెట్టాక వచ్చింది."

"మంచి నీళ్ళమ్మా, చల్లగా ఉన్నాయి" అన్నాను.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ మంచం మీంచి తలుపు కేసి చూస్తోంది. "చెప్పులు విప్పడానికి గోడెందుకు పట్టుకున్నారు?"

"మట్టంటుకుంది."

"చెప్పులకా, గోడకా?"

మర్నాడు కుర్చీలో కూర్చోవడానికి బల్ల పట్టుకున్నాను, లేవడానికి గలీబులావిడని పిలిచాను. అయినా వెళ్ళడం మానలేదు. పొద్దున గలీబులావిడ ముందే వచ్చి మా ఆవిడ దగ్గర కూర్చునేది, నేను వీధి దాటేవాణ్ణి. ఎండలు ముదిరాయి. కొట్టులో బేరాలు పలచబడ్డాయి, దూది పట్టుకుంటేనే చెమట పట్టే రోజులు. షెడ్డులో చిన్న గుండు పోయి నడిమి గుండు వచ్చింది. కడ్డీకి రెండు కొసలా బరువు పళ్ళేలు ఎక్కాయి. ప్యాంటు నడుం దగ్గర వదులై, తాడు కట్టుకోవాల్సొచ్చింది.

నాకు ఒక చిక్కు మిగిలింది. ఇనుము బిర్రుగా ఉంటుంది. ఎక్కడ పట్టుకున్నా మొత్తం లేస్తుంది. మనిషి అలా కాదు, దూది పరుపులా ఇటు ఎత్తితే అటు వంగిపోతుంది. కోచ్‌ని అడిగితే నిజమేనంది. "ఇసక సంచి ఒకటి ఉంటే బావుండు" అంది. అంతమాట చాలు. పరుపులవాడికి సంచి కుట్టడం ఒక పనా?

చారల పరుపు గుడ్డ రెండు పొరలేసి, మనిషంత పొడుగున సంచి కుట్టాను. దబ్బనంతో, పురికొస దారంతో. లోపల ఇసక, దాని చుట్టూ దూది. మధ్యలో బరువెక్కువ, కొసల్లో తక్కువ. ఆస్పత్రిలో తూచినప్పుడు ఆమె ఎంతుందో అంతకి సరిపెట్టాను. రెండు రోజులు పట్టింది. కూర్చోబెడితే ఒక పక్కకి సోలిపోయేది, అచ్చం మనిషిలాగే. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

దాన్ని షెడ్డుకి చేర్చేలోపే మా ఆవిడ చూసింది.

మధ్యాహ్నం. గలీబులావిడ అన్నానికి ఇంటికెళ్ళింది. నేను కొట్టు అరుగు మీద కూర్చుని సంచి మూతి కుడుతున్నాను. వెనక గడప మీద వాకర్ టక్కుమంది. పరుపుల మీద కష్టపడి నడిచి వచ్చినట్టుంది, గడప దగ్గర నిలబడి ఊపిరి తీసుకుంది.

"ఏంటది?"

"ఆర్డరు."

"ఎవరిది?"

"ఎవరో అడిగారు."

"ఇంత పొడుగు దిండు ఎవరు అడిగారు? ఏనుగుకా?" అంటూ వచ్చి గోడకి ఆనించిన సంచిని చేత్తో తడిమింది. ఇన్నేళ్ళ పరుపులవాడి భార్య. పైన దూది తగిలాక, కాస్త నొక్కేసరికి లోపల ఇసక తెలిసింది. ఎక్కడ బరువు పెట్టానో కూడా తెలిసింది. కిందనుంచి పైదాకా ఒకసారి చూసింది.

"నేనా?" అంది.

దబ్బనం నా వేలికి గుచ్చుకుంది.

"ఎంత కూరారు?"

"ఆస్పత్రిలో ఎంతుందో అంత."

"ఆ తర్వాత నేను తగ్గాను. కాస్త తీసెయ్యండి."

నవ్వబోయాను. ఆమె నవ్వడం లేదు. వాకర్ వదిలేసి అరుగు అంచున కూర్చుంది. సంచి పైకొసని తన పక్కకి లాక్కుంది. అది సోలి ఆమె భుజం మీదకి వాలింది. అలాగే ఉండనిచ్చింది.

"దీనికి చేతుల్లేవేం?"

"ఎందుకు, బరువు కోసం కదా."

"నాకున్నాయి కదండీ ఇంకా" అంది. తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటోంది. "మీరు నన్ను ఎత్తడం నేర్చుకుంటున్నారు. రోజూ పొద్దున్నే వెళ్ళి నేర్చుకుంటున్నారు. మరి నేనేం చెయ్యాలో నాకెవరూ చెప్పలేదు."

వీధిలోంచి ఒక అబ్బాయి సైకిలు ఆపి దిండ్లున్నాయా అని అడిగాడు. ఉన్నాయి, సాయంత్రం రమ్మన్నాను. నాకు తెలిసి బేరాన్ని అలా పంపేసింది అదే మొదలు.

సాయంత్రం కోచ్‌ని ఇంటికి తీసుకొచ్చాను. గడప దాటగానే ఆగిపోయింది. "ఇదేంటి బాబాయ్, ఇల్లా, గోడౌనా?"

"పడితే దెబ్బ తగలకుండా."

"పడడానికి వేశారు, బావుంది. మరి నిలబడడానికేం వేశారు?"

మా ఆవిడ మంచం మీంచి, "అదే నేనూ అడిగింది. నేను కొనే మనిషిని కాదు కదా, నా మాట చెవికెక్కదు" అంది. ఆ పిల్లా, ఆవిడా ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ఇద్దరూ కలిసి నన్ను బేరంలో ఏడిపిస్తారని అప్పుడే తెలిసిపోయింది.

పరుపులన్నీ చుట్టి కొట్టులోకి మోశాను. నేల బయటపడింది. నున్నటి నల్లరాతి పలకలు. వాటిని చూసి మా ఆవిడ కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది.

"ఇప్పుడు కిందకి దిగుదాం పిన్నిగారూ" అంది కోచ్.

"మళ్ళీ కిందకా?"

"పడడం కాదు, దిగడం. నేనూ వస్తాను" అని ఆ పిల్ల వెళ్ళి నేల మీద వెల్లకిలా పడుకుంది, చేతులు చాపుకుని. మా ఆవిడకి నవ్వొచ్చింది. దిగింది. నేను పట్టుకున్నాను.

తర్వాత జరిగింది చెబితే చిన్నదే. ముందు పక్కకి దొర్లాలి. అరచేతులూ మోకాళ్ళూ ఆనించాలి. ముందు కుర్చీ, దాని మీద మోచేతులు. ఒక పాదం తెచ్చి నేలకి ఆనించాలి. అదొక్కటే ఆమె వల్ల కాని ముక్క. పాదం నేను పెట్టాలి.

"బాబాయ్, మీరు లాగకండి. వెనక గోడలా ఉండండి. ఆవిడ లేస్తారు. ఎక్కడ ఆగిపోతారో అక్కడ మీ బలం పెట్టండి, అంతకు ముందు వద్దు."

"ఆగిపోయిందని నాకెలా తెలుస్తుంది?"

"నేను చెప్తాను" అంది మా ఆవిడ. "ఊ అంటాను. ఊ అన్నాక ఎత్తండి."

మొదటిసారి నేను తొందరపడ్డాను. "అనలేదు ఇంకా!" అని కసిరింది. దించాను. రెండోసారి ఆమె కుర్చీ పట్టుకుని, పళ్ళు బిగించి, నుదురు ముందుకి తెచ్చింది. మోకాలు లేచింది. ఒళ్ళు లేచింది. సగంలో నిలిచిపోయి "ఊ" అంది. మోకాళ్ళు వంచి, ఛాతీ ఎత్తి, నేలని కాళ్ళతో కిందకి తోశాను. నిలబడ్డాం.

వాటా లెక్కన చెప్పాలంటే ఆ రోజు సగం ఆమెది, సగం నాది.

నడివేసవిలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. నేను కొట్టులో విసనకర్రతో కూర్చున్నాను. వంటింట్లో గిన్నెలు పడ్డ చప్పుడు పెద్దగా వినిపించింది, వీధి దాకా. వెళ్ళేసరికి పొయ్యి గట్టు కింద కూర్చున్నట్టుగా పడి ఉంది, నీళ్ళు ఒలికిపోయి చీరంతా తడిసింది. మోచేయి గీసుకుపోయింది. కుర్చీ ముందుగదిలో ఉంది.

కుర్చీ కోసం తిరిగేసరికి వాకిట్లో కలప డిపో మనిషి, ఆ రోజు మొహం తిప్పుకుని పట్టుకున్నవాడు. చప్పుడు విని వచ్చాడు. ఇద్దరో ముగ్గురో అతని వెనక నిలబడ్డారు.

"అమ్మగారు పడ్డారా సార్? రమ్మంటారా?"

నా మోకాలు ముందురోజు క్లాసులో పట్టేసి ఇంకా నొప్పిగానే ఉంది. నేల తడిగా ఉంది. అతని చేతులు చూశాను. ఎంత బలమైన చేతులో నాకు తెలుసు. వంటింట్లోంచి ఆమె నన్ను పిలవలేదు, వద్దనీ అనలేదు. వింటోంది.

"వద్దులే అబ్బాయ్, మేం లేస్తున్నాం" అన్నాను. కుర్చీ తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను.

గుడ్డ తెచ్చి నేల తుడిచాను. తొందరేం లేదని చెప్పాను. ఆమె దొర్లింది, చేతులు ఆనించింది. పాదం తెచ్చి పెట్టాను. కుర్చీ మీద మోచేయి ఆనించేసరికి గీసుకుపోయిన చోట మండి కళ్ళు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉంది. నేను వెనక గోడలా ఉన్నాను. చెమట నా గడ్డం మీంచి ఆమె వీపు మీద పడుతోంది. చివరికి సన్నగా "ఊ" అంది.

లేచాక ఆమె కుర్చీలో కూర్చుని జుట్టు ముడేసుకుంది. "అతను వెళ్ళాడా?"

"వెళ్ళాడు."

"పాపం, మంచివాడు. ఈసారి దిండేదైనా అడిగితే మంచిది చూసి ఇవ్వండి" అంది.

జబ్బు దాని పని అది చేసుకుపోయింది. ఎండలు తగ్గేలోపే ఆమె వాటా తగ్గుతూ వచ్చింది. ముందు మోకాలు రావడం మానేసింది. తర్వాత మోచేతుల్లో పట్టు పోయింది. ఆమె వదిలినంత మేరా నేను అందుకోవాలి, అందుకే షెడ్డుకి ఒక్కరోజూ ఎగ్గొట్టలేదు. నా కడ్డీకి కొత్తగా పళ్ళెం ఎక్కినప్పుడల్లా టిక్కెట్టు చప్పట్లు కొట్టేవాడు. నేను లోపల్లోపల ఇంటి దగ్గర ఏం తగ్గిందో చూసుకునేవాణ్ణి. తక్కెడ ఒక తట్టలో పడింది రెండో తట్టలోంచి తీసిందేనని తెలిసినా మోస్తూనే ఉన్నాను. చివరికి ఆమె వాటాకి మిగిలింది ఆ ఊ ఒక్కటే. దానికోసం మాత్రం ఆగేవాణ్ణి, ఎంతసేపైనా.

వానలకి ముందు, ఉక్క భరించలేనట్టున్న ఒక సాయంత్రం, మంచం మీద అటూ ఇటూ తల తిప్పుతూ అంది, "నన్ను కింద పడుకోబెడతారా?"

"ఎందుకు?"

"చల్లగా ఉంటుందని. వట్టి నేల మీద. ఏమీ పరవకండి."

"నువ్వు పరుపులవాడి పెళ్ళానివి."

"అందుకే. విసుగొచ్చింది."

ఆమె ఊ అనేదాకా ఆగి ఎత్తాను. ముందుగది మధ్యలోకి తెచ్చి, మోకాళ్ళు వంచి, నెమ్మదిగా, చప్పుడు కాకుండా దించాను. దించడమే ఎక్కువ పని. ముందు పాదాలు, తర్వాత నడుం, తర్వాత వీపు, చివర్న అరచేతిలో ఉన్న తల. నల్లరాయి ఒంటికి తగలగానే ఆమె నోట్లోంచి ఒక పెద్ద ఊపిరి వచ్చింది. పక్కకి తిప్పమంది, తిప్పాను. చెంప రాతికి ఆనించుకుంది. వేళ్ళతో పలకల మధ్య సందు తడుముతూ పడుకుంది.

ఇన్నాళ్ళూ ఆమె అడగలేదు. అడిగితే లేపడానికి మనిషి కావాలి కాబట్టి అడగలేదు. నాకూ తట్టలేదు. నేను పక్కనే వెల్లకిలా పడుకున్నాను. వీపు కింద రాయి చల్లగా, గట్టిగా ఉంది. గలీబులావిడ తొంగిచూసి, తలుపు దగ్గరగా వేసేసి వెళ్ళిపోయింది.

"లేపనా?" అన్నాను చీకటి పడుతుంటే.

"అప్పుడేనా?" అంది.

ఆ వేసవి మీద నాకు మిగిలిందేమిటని ఎవరైనా అడిగితే దాపరికం లేకుండా చెప్తాను. జబ్బు తగ్గలేదు. ఎన్నాళ్ళు ఆపగలిగామో డాక్టరు కూడా చెప్పలేడు. మా ఇంట్లో మంచమూ కుర్చీ తప్ప మిగతాదంతా ఆమెకి పరాయిదైపోయి ఉండేది. ఇప్పుడు నేల కూడా ఆమెదే, దిగాలనిపించినప్పుడల్లా దిగుతుంది. లాభం అంతే. దాన్ని నేను తక్కువగా లెక్కెయ్యను.